వ్యాఖ్యాత పరిహాసము - ప్రేక్షకుని ఆక్షేపణము

హాస్యరసము ఆత్మస్థమనియు పరస్థమనియు ద్వివిధమని భరతుడు నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమున చెప్పెను. తాను నవ్వుట ఆత్మస్థము. పరుని నవ్వించుట పరస్థము. ఈ విభాగమున నవ్వువాడు కలడు, నవ్వించువాడు కలడు. నవ్వబడువానికి మాత్రము చోటు లేదు. వాని వికృతవేషము, వికృతభాషణము విభావములలో చేరినవి. నాటకమున దీనివలన దోషమేమియు లేదు. విదూషకుడు తెర వెనుకకు పోయి వేషము తీసివేయును. నవ్వబడిన పాత్ర అంతటితో అంతరించును. టెలివిజను వ్యాఖ్యాత పరిహాసమునకు గురియైనవాడు వేషము తీసివేయజాలడు. అది అతని ముఖము, అతని పలుకు. పైపెచ్చు, అతడును ఆ తెర యెదుటనే కూర్చుండి యుండవచ్చును. ఈ భేదమును గుర్తింపక ప్రేక్షకుల ఫిర్యాదులను రసజ్ఞతాలోపముగ త్రోసిపుచ్చుట నేడు పరిపాటియైనది.

ఈ విషయమున లోకప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి కలదు. 2001 మే నెలలో కోపెన్‌హేగన్ నగరమున యూరోవిజన్ పాటల పోటీ జరిగెను. డెన్మార్కు దేశీయులైన నిర్వాహకు లిద్దరు, ఒక పురుషుడు, ఒక స్త్రీ, తమ ప్రసంగమును చాలవరకు అంత్యప్రాసలతో ఆంగ్లమున నడపిరి. బి.బి.సి. వ్యాఖ్యాత టెరీ వోగన్ వారిలో పురుషునకు మృత్యువైద్యుడనియు, స్త్రీకి ఊడిన పాలపండ్లను కొనిపోవు దేవకన్యయనియు పేర్లు పెట్టెను. డెన్మార్కు ప్రజలు నొచ్చుకొనిరి, బి.బి.సి. క్షమాపణ చెప్పవలసి వచ్చెను. పరిహాసము ఇద్దరు వ్యక్తులపైననే గదా, దేశమంతయు ఏల నొచ్చుకొనవలెను? ఆ రాత్రి ఆ యిద్దరును వ్యక్తులు కారు, గృహస్థులు. ఇంటి యజమాని అతిథులకై అలవడని భాషలో తడుముకొనుచు పలుకుచుండగా, విందు కుడుచుచున్న అతిథి తన వారి చెవిలో గుసగుసలాడి నవ్వినట్లయినది. వోగన్ ఐర్లండు దేశీయుడు. ఆంగ్లేయులు తన జాతిపై అల్లిన పరిహాసములను ఎరుగనివాడు కాడు. ఐనను ఆ యెరుక అతని నాలుకను నిలుపలేదు. ఇంతకును అతడు చతురుడైన వ్యాఖ్యాత యనుటలో సందేహము లేదు. అతని మాటలు వినుటకే ఆ పోటీని చూచినవారు అనేకులు.

మన నేలపై దీనికి సమీపమైన ఉదంతము 2014వ సంవత్సరమున జరిగెను. జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. ఆ నెలలోనే నూతన శాసనసభ్యుల ప్రమాణస్వీకారమును గూర్చి టీవీ9 ఛానలు ఒక హాస్యకార్యక్రమమును ప్రసారము చేసెను. ఆ సభ్యులను నాగరకవస్తువును క్రొత్తగా చూచిన మోటువారినిగా చిత్రించిరనియు, వారి మిషతో ఒక ప్రాంతపు ప్రజల తిండిని, త్రాగుడును, పలుకును ఎగతాళి చేసిరనియు ఆక్షేపణ బయలుదేరెను. శాసనసభలో అది ప్రతిధ్వనించెను. జూన్ 16 నుండి తెలంగాణమున కేబుల్ నిర్వాహకులు ఆ ఛానలును, దానితోపాటు మరియొక ఛానలును నిలిపివేసిరి.

ఇది పరదేశముపై పరిహాసము కాదుగదా యని కొందరనవచ్చును. అందుచేతనే దీని స్వరూపము మరింత స్పష్టముగ తెలియును. చందానగరమును గ్రహింతము. ప్రాత బొంబాయి మార్గముపై మియాపూరునకును లింగంపల్లికిని నడుమ నున్న ఈ పేట, రామచంద్రపురపు బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమువలన కొంతయు, 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప హైటెక్ సిటీ వలన మరికొంతయు పెరిగినది. ఒకే భవనమున మెదకు వారును, గుంటూరు వారును, గోదావరి వారును కాపురముందురు. అట్టి చోట ఆ కార్యక్రమము వెలువడినపుడు ఒక గోడకు ఈవల ఉన్నవాడు రసికుడు, ఆవల ఉన్నవాడు విభావము. వోగన్ పలికిన పలుకు సముద్రము దాటి డెన్మార్కు చేరవలసి వచ్చెను. ఇచ్చట నవ్వు గోడలోనుండియే వినబడును. మరునాడు ఇద్దరును ఒకే లిఫ్టులో దిగవలెను. వ్యాఖ్యాత "మనము" అను మాటతో ఎవరిని చేర్చుకొనెను, ఎవరిని వెలుపల నిలిపెను అనునదియే ఫిర్యాదులోని అసలు ప్రశ్న. తెలంగాణపు పలుకుబడిని చిరకాలము ప్రతినాయకునకును హాస్యగానికిని కేటాయించిన తెలుగు సినిమా ఈ "మనము"ను ముందే నిర్మించి పెట్టినది. టెలివిజను దానిని వారసత్వముగ పొందినది.

ఐనను ఆక్షేపణము న్యాయమైనంత మాత్రమున ప్రతిక్రియయు న్యాయమని అనరాదు. తెర చీకటియైన క్షణమున హాస్యముయొక్క మంచిచెడ్డలను గూర్చిన చర్చ ముగిసి, వాక్స్వాతంత్ర్యమును గూర్చిన చర్చ ఆరంభమైనది. నొచ్చుకొన్నవాడు తన వాదమును వినిపింపకమునుపే బలవంతుని పక్షమున నిలిచినవాడుగ కనబడెను. ఇది అతనికి రెండవ నష్టము.

శాసనము ఏమి చెప్పుచున్నది? కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమములు, 1994లోని ఆరవ నియమము మిత్రదేశముల విమర్శను నిషేధించుచున్నది. జాతి, భాషా, ప్రాంతీయ వర్గములను చిత్రించుటలో నింద, వ్యంగ్యము, దురహంకారము కల వైఖరిని వేరొక ఖండికలో నిషేధించుచున్నది. వింత యేమన, దేశము విషయమున విమర్శ నిషిద్ధము, హేళన ప్రస్తావింపబడలేదు. డెన్మార్కు నిర్వాహకులవంటి వారికి ఈ నియమమున సదభిరుచిని గూర్చిన మొదటి ఖండిక తప్ప వేరు ఆధారము దొరకుట కష్టము. ఇక వ్యంగ్యమునే నిషేధించినచో గిరీశము పలుకులలో సగము ప్రసారయోగ్యములు కావు. ధ్వనివాదము చదివిన మనవంటివారికి ఆ పదము చూడగనే కలుక్కుమనును.

పరదేశమును గూర్చి తెలుగువాడు నవ్వజాలడా? మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మొదటి భాగము 1924లో వెలువడెను. మొగల్తూరు యువకుడు ఇంగ్లండునకు పోయెను. అచ్చటి ఆచారములు అతనికి వింతలు, అతడు అచ్చటివారికి వింత. కథ ఉత్తమపురుషలో నడచుటచే ప్రతి పరిహాసము మొదట చెప్పువాని తలపైననే పడును. విభావమును రసికుడును ఒకే వ్యక్తియైన అపూర్వసన్నివేశ మిది. టెలివిజను వ్యాఖ్యాతకు ఈ సౌలభ్యము లేదు. అతని ముఖము తెరపై కనబడదు. స్వరము మాత్రము వినబడును. చూపబడువాడు ఎల్లప్పుడును ఇతరుడే. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానలు నారంభించిన పిదప క్రికెట్టు ఆటకు తెలుగు వ్యాఖ్యానము ఇంటింట వినబడుచున్నది. పరదేశపు ఆటగాని పేరు నోరు తిరుగనపుడు మన వ్యాఖ్యాత తన నాలుకను చూచి నవ్వుచున్నాడా, ఆ పేరును చూచి నవ్వుచున్నాడా యనునది మన పరిశోధక విద్యార్థులు ఒక్క ఋతువు పాటు ఆ ప్రసంగములను వ్రాసికొని పరిశీలించినచో తేలగలదు.