పంట కోత ప్రయోగము

కొత్తకోట ప్రాంతమున యాసంగిలో వేరుశనగ ఎంత పండినదో తెలియుటకై ప్రతి రైతు చేనును పీకించి తూచుట అసాధ్యము గనుక, కొన్ని చేలను ఎన్నుకొని, వానినిబట్టి తక్కినవాని దిగుబడిని నిర్ణయింపవలసియున్నది. ఆ ఎన్నికలోనే శాస్త్రమంతయు నిమిడియున్నది.

పూర్వము గ్రామాధికారి గట్టున నిలిచి, నిండుపంటను పదునారణాలుగా భావించి, ఆ యేటి పంట ఎన్ని అణాలో కంటిచూపుననే తేల్చెడివాడు. అయితే కన్ను బాట ప్రక్కనున్న చేనినే చూచును. మనస్సు తాను ముందే నమ్మినదానినే కొలుచును. ఈ పక్షపాతమును తొలగించుటకు, 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్ జనపనార చేలలోను, గణాంక శాస్త్రజ్ఞుడు సుఖాత్మే ధాన్యపు చేలలోను యాదృచ్ఛిక ప్రతిచయనమును, అనగా చీట్లు తీసినట్లు చేలను ఎన్నుకొను పద్ధతిని, ప్రయోగించి చూపిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి ఆ సంస్థలోనే చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంచనాకు ఎంతవరకు నిశితత్వము సాధ్యమో ఆ హద్దును 1945లో గణితముఖమున నిరూపించెను. మన తెలుగువారికి ఇది సామాన్యమైన గౌరవము కాదు.

ఇక విధానము. శంకరంపేట యొద్దనున్న సరళాసాగరపు ఆయకట్టును, వాననే నమ్ముకొన్న చెలకలను ఒకే రాశిగా కలుపక వేర్వేరు స్తరములుగా విభజించినచో అంచనా స్థిరపడును. ఇది స్తరిత ప్రతిచయనము. పిమ్మట ఊరును, ఊరిలో సర్వే నంబరును యాదృచ్ఛిక సంఖ్యల పట్టికయే నిర్ణయించును గాని ఉద్యోగి కాదు, రైతు కాదు. చేని నైరుతి మూలనుండి పట్టిక చెప్పినన్ని అడుగులు పొడవునకును, వెడల్పునకును నడచి, ఆగినచోట మేకు పాతి, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని త్రాటితో బిగింతురు. అచట పంట పలుచగా నున్నదని జరుపరాదు. త్రాటి క్రింద పడిన మొక్క మొదలు సగమునకు మించి లోపల నున్నచో దానిని చేర్తురు, లేనిచో విడుతురు. అంచు మొక్కలను ఉదారముగా లోనికి లాగుకొన్నచో మడి చిన్నదైనకొలది దిగుబడి అధికముగా కనబడునని సుఖాత్మే హెచ్చరించియుండెను. కాయలను కోసి, తూచి, ఎండబెట్టి మరల తూచి, ఆ తూకమును 400తో గుణించిన హెక్టారు దిగుబడి వచ్చును.

ఐదు మడులలో 3, 4, 4, 5, 9 కిలోలు వచ్చినవనుకొందము. సగటు 5, మధ్యగతము 4, బాహుళకమును 4, వ్యాప్తి 6. మండలపు మొత్తము పంటకు సగటే తగిన కొలత. కాని ఆ 5లో బోరునీటి చేని 9 దాగియున్నది. ఐదింట మూడు మడులు ఆ సగటును అందుకొననే లేదు. బీమా పరిహారము ప్రాంతపు సగటుపై ఆధారపడు పథకములలో సగటునకు, మధ్యగతమునకు గల ఈ అంతరము హెక్టారుకు 400 కిలోలు. ఎండిన చెలక రైతుకు అది ఏడాది బ్రతుకు. కావున సగటు ప్రక్కనే మధ్యగతమును, వ్యాప్తిని గూడ గ్రామ పంచాయతీ గోడపై వ్రాసి ప్రకటింపవలెనని నా అభిప్రాయము.