డ్రాక్యులా నవల – ప్రథమపఠనము – భయానకరసము

బ్రామ్ స్టోకరు రచించిన ‘డ్రాక్యులా’ 1897 లో లండనునుండి వెలువడినది. ఆంగ్లమున గోథిక్ నవలలని పేరొందిన భీతిప్రధానకృతులలో ఇది మిక్కిలి ప్రసిద్ధము. అయినను నేడు దీనిని తొలిసారిగా చేపట్టు పాఠకునకు ఒక యిబ్బంది కలదు. గ్రంథము తెరువకమున్నే ప్రతినాయకుని గుట్టు అతనికి తెలియును. 1922 నాటి ‘నోస్‌ఫెరాటు’, 1931 నాటి ‘డ్రాక్యులా’ మొదలగు చలనచిత్రములు కౌంటు డ్రాక్యులా నెత్తురు త్రాగి మనుగడ సాగించు మృతుడని లోకమునకు చాటినవి. గుట్టు తెలిసిన పిమ్మట భయమునకు తావెక్కడిదను శంక సహజము. నవలానిర్మాణమును పరిశీలించినచో ఈ శంక నిలువజాలదు.

ఈ నవలలో సర్వజ్ఞుడగు కథకుడు లేడు. కథయంతయు దినచర్యలు, లేఖలు, తంతివార్తలు, పత్రికాఖండములు మొదలగువాని కూర్పు. ప్రకరణములు 27. మొదటి నాలుగింటను ట్రాన్సిల్వేనియా కోటలో చిక్కుకొన్న జోనాథన్ హార్కరు తన యనుభవములను సంక్షిప్తలిపిలో వ్రాసికొనును. 1897 నాటి పాఠకునకు సైతము నాల్గవ ప్రకరణము ముగియునప్పటికే కౌంటు ఎట్టివాడో తేటపడును. తక్కిన 23 ప్రకరణములను అతడును తెలిసియే చదువవలసియుండెను. కావున రహస్యము బయల్పడుట ఈ కృతికి ప్రాణము కాదు. పాఠకునకు తెలిసినది పాత్రలకు తెలియకుండుటయే ప్రాణము.

నిదర్శనములు చూతము. హార్కరు దినచర్యను అతని భార్య మీనా చదువక, కాగితమున చుట్టి లక్కముద్ర వేసి దాచును. అది భర్త మనశ్శాంతికై చేసిన పని. ఆమె దానిని విప్పి చదువునప్పటికి నెచ్చెలి లూసీ కౌంటు వాతబడి మరణించియున్నది. లూసీ రక్షణకై వాన్ హెల్సింగు గదిలో నుంచిన వెల్లుల్లిపూలను ఆమె తల్లియే తొలగించి, గాలికై కిటికీ తెరచును. ఆ తల్లి గుండెజబ్బు మనిషి. కలత పెట్టరాదని ఆమెకెవ్వరును నిజము చెప్పలేదు. పిదప నొకరాత్రి లూసీకి కాపుండుమని డాక్టరు స్యూవర్డునకు పంపిన తంతి 22 గంటలు ఆలస్యముగా చేరును. ఆ రాత్రియే ఆపద మూడును.

తుదకు పత్రములన్నిటిని చేర్చి టైపు చేసి, పురుషులకు మార్గము చూపినది మీనాయే. కాని వారు ఆమె సుకుమారమనస్సునకు తగదని తమ యాలోచనలనుండి ఆమెను తొలగింతురు. వారు కార్‌ఫాక్సు గృహమును శోధింపబోయిన రాత్రియే కౌంటు ఆమెను కబళింప వచ్చును. లూసీ తల్లి విషయమున జరిగిన పొరపాటే మరల జరిగినది. రెండుతావులను దానికి మూలము ద్వేషము కాదు, దయ. దాచిన దయ శత్రువునకు ద్వారము తెరచినది.

లాక్షణికుల పరిభాషలో చెప్పినచో, ఇందలి భయానకమునకు ఆలంబనము కౌంటు. కాని కోట విడిచిన పిదప అతడు కంటబడు ఘట్టములు స్వల్పము. ఉద్దీపనభారమును చాలవరకు వహించునవి పత్రముల తలపై నున్న తేదీలు. ఏ లేఖ ఎప్పుడు వ్రాయబడెనో, ఎప్పుడు చేరెనో లెక్కించుకొను పాఠకుని గుండెయే ముందుగా దడదడలాడును. నేటి పాఠకుడు వెంటతెచ్చుకొన్న తెలివి ఈ రసమునకు ప్రతిబంధకము కాదు, సహకారియే. తెలిసియు చెప్పజాలని సాక్షిస్థానమున అది అతనిని మొదటిపుటనుండియే నిలుపుచున్నది.

నవల దోషరహితము కాదు. వాన్ హెల్సింగు ఉపన్యాసములు పెక్కుచోట్ల కథను కుంటుపరచును. పాత్రలు తమ పత్రములను పరస్పరము చదివికొన్న పిదప, కౌంటును తరుముకొనిపోవు తుదిభాగమున, భయము సడలి వీరము తలయెత్తును. ఈ సడలింపు సైతము పై సిద్ధాంతమునకే సాక్ష్యము: తెలివి అందరి సొత్తైన క్షణమున భయము తగ్గినది. తొలిసారి చదువు విద్యార్థి కౌంటు కోరలకన్న, ముద్రవేసిన ఆ దినచర్యపై దృష్టి నిలుపుట మేలు.