వీసం లెక్క

నిలువు గీత ఒకటి గీస్తే పాతిక. రెండు గీస్తే అర, మూడు గీస్తే ముప్పాతిక. అదే గీతను అడ్డంగా పడుకోబెడితే వీసం, అంటే పదహారో వంతు. పదహారింట పదకొండు వంతులు రాయాలంటే రెండు నిలువు గీతలు, పక్కన మూడు అడ్డగీతలు. హారంతో పనే లేదు. వీసం తర్వాతి స్థానం అరవైనాలుగో వంతుది, దాన్ని కాణి అంటారు. అక్కడ మళ్లీ నిలువు గీతలు. ఆ తర్వాత 256వ వంతుకు మళ్లీ అడ్డగీతలు. స్థానం మారినకొద్దీ విలువ నాలుగో వంతుకు తగ్గుతుంది. గీత నిలబడిందా, పడుకుందా అన్నది చూస్తే పక్కపక్క స్థానాలు కలిసిపోవు. పాతికల చోట ఏమీ లేకపోతే వేయడానికి ప్రత్యేకంగా ఒక సున్న కూడా ఉంది, దాని పేరు హళ్లి.

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలంటే మాటవరసకు చెప్పుకునే పావు, అర మాత్రమే అనుకునేవాళ్లు ఈ గీతలను చూడాలి. బడిలో చెప్పే దశాంశ పద్ధతికి ఇది తోబుట్టువు. అక్కడ పదో వంతులు, ఇక్కడ నాలుగో వంతులు, అంతే తేడా. 2008లో ఈ గీతలకూ, తూము అనే కొలత గుర్తుకూ యూనికోడ్‌లో చోటు దొరికింది. పాఠ్యపుస్తకంలోనూ చోటు దొరకాలని నా కోరిక.

నాలుగే ఎందుకంటే కొలపాత్రలను చూడండి. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. తూములో గిద్ద సరిగ్గా 256వ వంతు. కల్లంలో రాశిని సగం చేసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తే పాతిక వచ్చేస్తుంది. అక్షరం ముక్క రాని రైతు కూడా దాన్ని కంటితో సరిచూసుకోగలడు. పదో వంతును అలా తేల్చడం కష్టం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయిదీ ఇదే దారి: 4 పావలాలు, 16 అణాలు, 64 కాణీలు.

ఆ పాత రూపాయిని ముగ్గురికి పంచి చూడండి. తలా ఒక పావలా ఇస్తే ఒక పావలా మిగులుతుంది. దాన్ని అణాలుగా మార్చి తలా ఒకటి ఇస్తే ఒక అణా మిగులుతుంది. అణాను కాణీలు చేస్తే తలా ఒకటి, మళ్లీ ఒక కాణీ మిగులు. నాణేల్లో ఈ చిక్కు ‘పై’ అనే నాణెం దగ్గర తెగేది, ఎందుకంటే కాణీకి మూడు పైలు. కాగితం మీద మాత్రం తెగదు. నిలువు గీత, అడ్డగీత, నిలువు గీత, అడ్డగీత, అలా సాగుతూనే ఉంటుంది. దశాంశాల్లోనూ మూడో వంతు ముగియదు, 0.333... అంటూ పోతుంది. ఐదో వంతు సంగతి వేరు. దశాంశాల్లో అది 0.2తో ఆగిపోతుంది. మన గీతల్లో సున్న, మూడు, సున్న, మూడు అని తిరుగుతూనే ఉంటుంది. అంటే ముగియడం, ముగియకపోవడం మనం ఎంచుకున్న పద్ధతిని బట్టి ఉంటుంది. ముగియడమో, తిరిగి తిరిగి అదే వరసలో రావడమో, రెండింట్లో ఏదో ఒకటి జరగడం మాత్రం ఆ సంఖ్య స్వభావం. అలాంటివే అకరణీయ సంఖ్యలు.

ఇక కరణీయ సంఖ్య. అడుగు భుజమున్న చతురస్రానికి కర్ణం 2 వర్గమూలమంత. శుల్బసూత్రాల్లో బౌధాయనుడు దీనికి చెప్పిన విలువ 577/408 అవుతుంది, అంటే 1.41421 దాకా ఒప్పే. అసలు 2 వర్గమూలాన్నే గీతల్లోకి మార్చితే ఒకటి మీద ఒక పాతిక, రెండు వీసాలు, రెండు కాణులు, 256వ వంతులు రెండు. ఇక రెండే వస్తాయేమో అనిపిస్తుంది. ఆ వెంటనే రెండు సున్నలు, తర్వాత రెండు, ఒకటి, మూడు. నాలుగో వంతుల్లో రాసినా, పదో వంతుల్లో రాసినా దాని అంకెలకు అంతం లేదు, అవి ఏ వరసలోనూ తిరగవు.