తెలిసిన రోజు, తెలియని రోజు

గన్నవరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పాల సొసైటీ ప్రెసిడెంటు తన బావమరిది స్థలాన్ని సొసైటీ చేత కొనిపించబోయాడనుకోండి. క్యాను దించి, వెన్న శాతం చీటీ చేత్తో పట్టుకు నిలబడ్డ రైతే ముందు అడుగుతాడు: "డబ్బు మనది, స్థలం మీవాళ్లది, మరి ధర కట్టిందెవరండీ?" కంపెనీ చట్టం డైరెక్టరును అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది: చూడాల్సింది చూశావా? సత్యం కంప్యూటర్స్ బోర్డుకు ఈ రెండు ప్రశ్నలూ 22 రోజుల తేడాలో ఎదురయ్యాయి.

2008 డిసెంబరు 16న ఆ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. రెండింటిలోనూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి వాటాలున్నాయి. అది గుట్టేమీ కాదు. స్వతంత్ర డైరెక్టర్లు ధర గురించీ, సాఫ్ట్‌వేర్‌తో సంబంధంలేని స్థిరాస్తి, నిర్మాణ వ్యాపారం గురించీ ప్రశ్నలు వేశారు. ఆఖరికి అందరూ సరేనన్నారు. మదుపర్లు మండిపడితే గంటల్లోనే ఆ బేరం రద్దయింది.

2009 జనవరి 7 వేరు. లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని రాజు లేఖ రాశారు. బోర్డుకు ఈ సంగతి తెలియదని కూడా అందులోనే చెప్పారు.

స్వప్రయోజనం విషయంలో చట్టం కఠినం. ఇంగ్లండ్‌లో 1942 నాటి రీగల్ కేసులో డైరెక్టర్లు నిజాయితీగానే నడుచుకున్నా, పదవి వల్ల వచ్చిన లాభాన్ని వెనక్కి కట్టాల్సి వచ్చింది. అజాగ్రత్త దగ్గరికొచ్చేసరికి అదే చట్టం మెత్తబడుతుంది. అనుమానించే కారణం లేనప్పుడు సిబ్బందిని నమ్మడం తప్పుకాదని 1925లో సిటీ ఈక్విటబుల్ తీర్పు చెప్పింది. నిజాయితీగా, సమంజసంగా నడుచుకున్నవారిని కోర్టు మన్నించే వీలు మన 1956 చట్టం 633వ సెక్షన్‌లో ఉండేది, 2013 చట్టం 463లోనూ ఉంది.

నా మటుకు నేను జనవరి 7 కంటే డిసెంబరు 16నే గట్టిగా తప్పుపడతాను. ఆడిటర్ల సంతకాలున్న లెక్కల్ని నమ్మామంటే కొంత వినవచ్చు. కళ్లెదుట ఉన్న కుటుంబ బేరానికి చెయ్యెత్తినవాళ్లకు ఆ సాకు దొరకదు. పైగా లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని చేర్చడానికి మేటాస్ కొనుగోలే ఆఖరి ప్రయత్నమని అదే లేఖ ఒప్పుకుంది. అంటే మొదటి ప్రశ్నను పట్టుకుని వదలకుండా లాగి ఉంటే రెండోదాని కొస కూడా చేతికి చిక్కేది.

2013 చట్టం 188వ సెక్షన్ ఈ పాఠం నేర్చుకుంది: సంబంధీకులతో పెద్ద బేరాలు వాటాదార్ల ముందుకు రావాలి, సంబంధమున్నవారు ఓటు వేయకూడదు. మంచి మార్పు. స్వతంత్ర డైరెక్టరు బాధ్యతను చెప్పే 149(12) మాత్రం శ్రద్ధ అంటే ఏమిటో విప్పి చెప్పదు. సత్యంలో దాని కొలత చిన్నదే. బ్యాంకుల నుంచి నేరుగా రావాల్సిన నిల్వల ధ్రువీకరణ పత్రాలు కంపెనీ చేతుల మీదుగా ఆడిటర్లకు అందాయి. కవరు ఎవరు తెచ్చారని ఆడిట్ కమిటీలో ఒక్కరు అడిగినా సరిపోయేది.