దుంగ లాగిన చోడిచేను

జి.మాడుగుల వైపు ఏజెన్సీలో గులి పద్ధతి పట్టిన రైతు చోడి (రాగి) నాటిన రెండు మూడు వారాలకు చేసే పని చూస్తే గుండె గుభేల్‌మంటుంది. తేలికపాటి దుంగకు తాడు కట్టి, బతికి నిలబడ్డ మొక్కల మీదుగా లాగేస్తాడు. చేనంతా ఒక పక్కకు వాలిపోతుంది. కొన్నాళ్లకు మొక్కలు మళ్లీ లేస్తాయి. ఈసారి మొదళ్ల దగ్గర కొత్త పిలకలతో!

ఇది కర్ణాటక రైతుల దగ్గర్నించి వచ్చిన పద్ధతి. పేరూ అక్కడిదే, కన్నడంలో గుళి అంటే గుంత.

దుంగ చేసిన పనికి శాస్త్రం హార్మోన్లతో లెక్క చెబుతుంది. మొక్క కొసన పుట్టే ఆక్సిన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణచిపెడుతుంది. కొస దెబ్బతింటే ఆ పెత్తనం సడలుతుంది, మొగ్గల్ని లేపే సైటోకైనిన్‌కు దారి దొరుకుతుంది.

గింజ నిండటంలోనూ హార్మోన్లదే నడక. ఆ లోపలి సంగతి ఎక్కువగా తవ్వి తీసింది మాత్రం గోధుమలో. పూత నిలిచిన తొలి రోజుల్లో సైటోకైనిన్ ఉప్పొంగి, పిండి నిండాల్సిన కణాలు గబగబా చీలుతాయి. గాదెలో ఎన్ని అరలో అప్పుడే తేలిపోతుంది. తర్వాతంతా నింపడమే. చివర్లో ఆబ్‌సిసిక్ ఆమ్లం గింజను ఎండటానికి సిద్ధం చేసి నిద్రపుచ్చుతుంది. ఆ నిద్ర పలచనైతే, కోత ముందు వాన పడ్డప్పుడు వెన్ను మీదే మొలకలొస్తాయి.

మొక్క పొడవు పెంచేది మరో హార్మోన్, జిబ్బరెల్లిన్. 1935లో జపాన్ విడుదల చేసిన నోరిన్-10 గోధుమ ఆ హార్మోన్ మాట పెద్దగా వినదు, అందుకే పొట్టి. దాని వారసులతోనే శాస్త్రవేత్త బోర్లాగ్ 1970లో నోబెల్ శాంతి బహుమతి దాకా వెళ్లాడు. ఐఆర్-8 వరిది ఇంకో దారి. హార్మోన్‌నే తక్కువ చేసుకుంటుంది. 1967లో ఆచంటలో దాన్ని పండించి పేరు తెచ్చుకున్నది రైతు నెక్కంటి సుబ్బారావు.

పొట్టి చేస్తేనే పంట అన్నది ఎరువు బాగా పెట్టే పొలాల మాట. కొండ రైతుకు చొప్ప కూడా పంటే, పశువు తినాలిగా.

ఈ హార్మోన్ల పేర్లేవీ రాని రైతు మాటల్లోనూ గింజ దశలన్నీ ఉన్నాయి: పొట్ట, ఈనడం, పాలు పోసుకోవడం, గట్టిపడటం. నిండనిది తాలు. కోతల ముందు చేల వైపు వెళ్తే, రైతునడిగి ఒక్క గింజ తీసుకుని గోటితో నొక్కండి. పాలు చిమ్మితే కొడవలికి ఇంకా పని లేదు.