బస్తా మీద లేని ఊరు

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి, సిరవార ప్రాంతాల వరి ధాన్యాన్ని కొని, మర ఆడించి, గల్ఫ్ దేశాలకూ అమెరికాకూ బియ్యంగా పంపే వ్యాపారం పైకి తూకానికీ ధరకూ చెందిన వ్యవహారంగా కనిపించినా, దాని మూలంలో ఉన్నది గింజను చేతిలోకి తీసుకుని గుణం కట్టే విద్య. కరిబియన్ దీవుల్లో కాఫీ కొనేవారు ఏ కొండ వాలున పండిన గింజను ఎందుకు ఎంచుకుంటారో, దాన్ని ఎలా రుచి చూస్తారో వివరించే రచనలు విరివిగా దొరుకుతాయి గాని, తుంగభద్ర ఎడమ కాలువ కింద కల్లాల మధ్య తిరిగే ధాన్యం కొనుగోలుదారుడి పనిని అంత శ్రద్ధగా పట్టించుకున్న రచన అరుదు. తెలుగు ఇళ్లలోనూ, సముద్రాలు దాటి స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనూ రోజూ ఉడికే అన్నంలో కొంత ఈ కన్నడ నేల మీదనే పండుతోంది కనుక ఆ లోటు చిన్నదేమీ కాదు.

రాయచూరు 1956 నవంబరు 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగా ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ నేల కాబట్టి చరిత్రకారులు దీన్ని రాయచూరు అంతర్వేది అంటారు. రెండు వైపులా నదులు పారుతున్నా పొలానికి నీరందక జొన్న, పత్తి, కంది, వేరుశనగ మీద బతికిన మెట్ట ప్రాంతమిది. హైదరాబాద్, మద్రాసు ప్రభుత్వాలు కలిసి 1945లో శంకుస్థాపన చేసిన తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో కాలువలకు నీరు రావడంతో, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ అనేక ఎకరాలు కొని, నల్లరేగడిని చదును చేసి, గట్లు వేసి వరి నాటారు. వారు కట్టుకున్న ఊళ్లనే నేటికీ క్యాంపులంటారు. ఆ క్యాంపుల్లో ఇంటి భాష తెలుగు, మార్కెట్ భాష కన్నడం, లెక్క చెప్పేటప్పుడు రెండూ కలుస్తాయి.

అయితే ప్రాజెక్టు రూపకర్తలు ఈ కాలువను ప్రధానంగా తేలికపాటి సేద్యానికి, అంటే కొద్ది నీటిని విస్తారమైన భూమికి పంచి మెట్ట పైర్లను కరువు నుంచి కాపాడటానికి ఉద్దేశించారు. కాలువ ఎగువన వరి విస్తరించిన కొద్దీ చివరి భూములకు, ముఖ్యంగా మాన్వి, రాయచూరు తాలూకాల రైతులకు, నీరు చేరడం గగనమైంది. ఎగుమతి బియ్యం ఘనత చెప్పుకునేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు: గింజ ధరలో నీటి ధర కలవలేదు, నీరందని రైతు నష్టం అసలే కలవలేదు.

ఈ వ్యాపారానికి ఊపిరి పోసిన మసూరి అనే పేరు కూడా దూరం నుంచి వచ్చినదే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లలో కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో నడిపించిన సంకర కార్యక్రమంలో తైవాన్ వంగడం తైచుంగ్ 65ను, మలయా వంగడం మయాంగ్ ఎబోస్ 80తో కలిపారు. ఆ విత్తనం మలయాకు వెళ్లి, ఎంపికలకు నిలిచి, 1965లో మసూరిగా విడుదలై, తిరిగి భారతదేశానికి చేరింది. సోనా అనే రకంతో దాన్ని కలిపితే సోనా మసూరి వచ్చింది. బాపట్ల పరిశోధన కేంద్రం మసూరి వారసత్వంతోనే 1986లో బీపీటీ 5204ను, అంటే సాంబా మసూరిని, ఇచ్చింది. నేడు సోనా మసూరి అనే మాట ఒక్క వంగడానికి పరిమితమైన పేరు కాదు, సన్నగా తేలికగా ఉండి అన్నం పొడిపొడిగా వచ్చే బియ్యానికి వ్యాపారం పెట్టుకున్న తరగతి పేరు. రాయచూరు పొలాల్లో విస్తారంగా కనిపించే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా. బీపీటీ 5204కు దాదాపు 150 రోజులు కావాలి, దీనికి 125 రోజులు చాలు. కాలువ ఎప్పుడు ఆగుతుందో తెలియని చివరి ఆయకట్టు రైతుకు ఆ మూడు వారాల పైచిలుకు తేడా పంట చేతికి రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా.

కొనుగోలుదారుడు ధాన్యం రాశి దగ్గరికి వచ్చి మొదట చేసే పని ధర అడగడం కాదు. పైపొర గింజలను వదిలేసి, మోచేతి దాకా చెయ్యి రాశిలోకి పెట్టి, లోపలి వేడిని పట్టి చూస్తాడు. పచ్చి ధాన్యం కుప్పగా ఉంటే లోపల కాగుతుంది, ఆ వేడికి బియ్యం పసుపు తిరుగుతుంది. తర్వాత గుప్పెడు గింజలు అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి, మిగిలిన బియ్యాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి, అద్దంలా ఉన్నవెన్ని, పొట్ట దగ్గర సుద్ద తెలుపు ఉన్నవెన్ని, అడ్డంగా సన్నని పగులు పడినవెన్ని అని చూస్తాడు. సుద్ద తెలుపున్న గింజ, పగిలిన గింజ మరలో నూక అవుతాయి. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికినప్పుడు టక్కుమని విరిగితే ఆరినట్టు, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. తాలు ఎంత, మట్టిబెడ్డ ఎంత, వేరే రకాల గింజలు ఎన్ని కలిశాయి అన్నది ఆఖరున చూస్తాడు. ఆ వేరే రకం గింజలను రైతులు బెరుకులంటారు. ఇదంతా రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది, కాని ఆ నిమిషాల మీదనే ఒక కుటుంబం ఆరు నెలల రాబడి ఆధారపడి ఉంటుంది కనుక, చూసే కన్ను నిజాయతీగా ఉండటం ఈ వృత్తికి మొదటి అర్హత.

తేమ సంగతి మరికొంత వివరించాలి. కోత యంత్రాలు వచ్చాక పనల మీద ఎండే అవకాశం పోయి, ధాన్యం పచ్చిగానే ట్రాక్టరులో పడుతోంది. 75 కిలోల బస్తాలో తేమ 20 శాతం ఉంటే అందులో ఎండు పదార్థం 60 కిలోలు. దాన్ని మరకు అనువైన 14 శాతానికి ఆరబెడితే బస్తా 70 కిలోలకు కాస్త లోపే తూగుతుంది. ఆ అయిదు కిలోలు నీరే కాబట్టి కొనేవాడు దాన్ని లెక్కలోంచి తీయడం తప్పు కాదు. ప్రభుత్వ కొనుగోలులో కూడా తేమ 17 శాతం దాటకూడదన్న హద్దు ఉంది. తేమ కోసం ఒకసారి ధర తగ్గించి, కాటా దగ్గర మళ్లీ తరుగు పేరుతో బస్తాకు కిలో, రెండు కిలోలు కోయడం మాత్రం కచ్చితంగా తప్పు. రైతుకు ఆరబెట్టే నేల లేదనీ, ఆకాశం మబ్బు పట్టిందనీ, హమాలీలు ఎదురు చూస్తున్నారనీ తెలిసి వేసే కోత అది. తేమ కొలిచే యంత్రాన్ని రైతు వైపు తిప్పి అంకె చూపించే కొనుగోలుదారుడి దగ్గరికి మరుసటి ఏడు ధాన్యం తనంత తాను నడిచి వస్తుందన్నది ఆ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు, పాటించేవారే తక్కువ.

మరలో నూరు కిలోల ధాన్యానికి ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల పచ్చిబియ్యం రావాలి. మిగిలినది ఊక, తవుడు. కాని ఎగుమతిదారుడికి ముఖ్యమైనది ఆ 67 కిలోల్లో నిండు గింజ ఎంత అన్నదే. వేసవి ఎండకు పండిన రబీ గింజ పెళుసుగా ఉండి నూక ఎక్కువవుతుంది కనుక దాన్ని తరచు ఉడకబెట్టి ఆడిస్తారు. పాత బియ్యానికి ఎక్కువ ధర పలకడం ఆచారం మాత్రమే కాదు, నిలవ ఉన్న నెలల్లో గింజ లోపలి పిండిపదార్థం గట్టిపడి, ఉడికినప్పుడు ఎక్కువ నీరు పీల్చుకుని, మెతుకు మెతుకుకు అంటకుండా సాగుతుంది.

కల్లం నుంచి రేవుకు చేరేలోగా గింజ ఎవరి చేతులు మారుతుందో, దాని ఊరి పేరు ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి హైతీ కాఫీ కథ ఉపయోగపడుతుంది. 1788 నాటికి, సెయింట్ డొమింగ్ అనే ఫ్రెంచి వలసగా, బానిసల శ్రమతో ప్రపంచపు కాఫీలో సగం పండించిన ఆ నేలలో, తర్వాతి కాలంలో చిన్న రైతు పండించిన కాఫీని స్పెక్యులేటర్ అనే మధ్యవర్తి ఊళ్లలో కొని, రేవు పట్టణపు ఎగుమతిదారుడికి చేర్చేవాడు. అప్పు ఇచ్చేవాడూ అతడే, తూచేవాడూ అతడే. రాయచూరు కమీషన్ ఏజెంటును ఎరిగినవారికి అతడు కొత్తవాడు కాడు. జమైకాలో బ్లూ మౌంటెన్ కాఫీకి మాత్రం వేరే గతి పట్టింది: ఆ కొండల హద్దులు చట్టంలో గీసి, పరీక్షకు నిలిచిన గింజను 70 కిలోల చెక్క పీపాల్లో పెట్టి, కొండ పేరుతోనే జపానుకు పంపారు. మన దగ్గర అరకు లోయ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే పుట్టిన చోటు పేరును గింజతో పాటు పంపడం చిన్న రైతుల సరుకుకు కూడా సాధ్యమే.

కల్లం నుంచి విదేశీ దుకాణం దాకా సాగే ఈ బియ్యపు గొలుసు ఎంత సున్నితమైనదో 2023 జూలై 20న తెలిసింది. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించగానే అమెరికాలోని భారతీయ దుకాణాల్లో సోనా మసూరి సంచుల కోసం వరసలు కట్టారు, కొన్నిచోట్ల ఇంటికి ఒక్క సంచే అన్నారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న తొలగింది. దేశంలో ధరలు అదుపు చేయడం ప్రభుత్వ బాధ్యతే. అయితే మార్కెట్ తలుపు ఒక్క రాత్రిలో మూసుకున్నప్పుడు ఆ భారం కొనుగోలుదారుడి మీద ఆగకుండా కల్లంలోని ధర మీదికి దిగుతుంది. డల్లాస్‌లో సంచి ధర పెరిగిందని మాన్వి రైతుకు బస్తాకు ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

మంచి ఎగుమతిదారుడి మిల్లులో సరుకు కట్టే ముందు చివరి పరీక్ష వంటే. కాఫీ వ్యాపారులు వేడినీళ్లు పోసిన కప్పులను వరసగా పెట్టి చెంచాతో రుచి చూసినట్టే, ఇక్కడ ప్రతి లాటు నుంచి గ్లాసుడు బియ్యం తీసి, ఒకే కొలత నీటితో వేర్వేరు గిన్నెల్లో వండి, పళ్లెంలో పక్కపక్కన పోసి, ఆవిరి పోయాక వేళ్లతో విడదీసి చూస్తారు. కొత్త బియ్యపు అన్నం ముద్ద కడుతుంది. పాతది వేళ్ల సందుల్లోంచి జారుతుంది. చల్లారాక మళ్లీ చూస్తారు, ఎందుకంటే న్యూజెర్సీలో పొద్దున వండిన అన్నం డబ్బాలో మధ్యాహ్నం దాకా మెత్తగా ఉండాలి. నిలిచిన లాటును 20 పౌండ్ల సంచుల్లో నింపి, ఒక్కో కంటైనరులో సుమారు 2,700 సంచులు పేర్చి రేవుకు పంపుతారు. సంచి మీద దేవుడి బొమ్మ, బ్రాండు, బరువు, ప్యాకింగ్ నెల, భారతదేశపు పేరు ఉంటాయి. తాలూకా పేరు, క్యాంపు పేరు, గింజ అసలు వంగడం పేరు అచ్చు వేయడానికి దేవుడి బొమ్మ కింద ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంటుంది.