పైపొర పనితనం: జిల్లేడుకాయ, చైనా రసపు కుడుము

వరిపిండి పొరలో తీపి పూర్ణాన్ని మూసి ఆవిరిపై ఉడికించే జిల్లేడుకాయను తెలుగువారు వినాయక చవితి నైవేద్యంగా గౌరవిస్తారు గాని, దానిలోని పనితనాన్ని ఒక విద్యగా గుర్తించినవారు తక్కువ. జిల్లేడు మొక్క కాయను పోలిన ఆకారమే దీనికి ఆ పేరు తెచ్చింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ ప్రాంతంలో దీని సరంజామాకు వెతుకులాట అక్కరలేదు. కొబ్బరి పొరుగునున్న ఉద్దానం తోటల్లో కాస్తుంది, బెల్లానికి అనకాపల్లి ఉండనే ఉంది, ఇక ఎసట్లో వేసే చిటికెడు ఉప్పు సంగతి చెప్పనే అక్కరలేదు, ఎందుకంటే నౌపడ అనగానే ఎవరికైనా ముందు తోచేది ఉప్పు మడులే.

దీని కష్టమంతా పైపొరలో ఉంది. గోధుమపిండిని తడిపి పిసికితే గ్లూటెన్ అనే మాంసకృత్తు జిగురుగా సాగి పిండిని పట్టి ఉంచుతుంది. వరిపిండిలో అది లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపిన ముద్ద వేలు తగిలితే విరిగిపోతుంది. అందుకే మరుగుతున్న నీళ్లలో ఉప్పు, చెంచాడు నూనె వేసి, పిండి పోసి, మూతపెట్టి మగ్గించి, చెయ్యి కాలుతుండగానే తడిచేత్తో మర్దిస్తారు. ఆ వేడికి పిండిలోని గంజిపదార్థం నీటిని పీల్చుకొని జిగురెక్కి, గ్లూటెన్ చేయవలసిన పనిని కొంతవరకు తానే చేస్తుంది. లోపల పెట్టేది కొబ్బరి లౌజు, అంటే కొబ్బరి కోరును బెల్లంతో దగ్గరగా ఉడికించి యాలకుల పొడి చేర్చినది. దీని పాకం ఒక్క క్షణం తక్కువైతే ఆవిరిలో బెల్లం నీరు వదిలి పొరను చీల్చుకొని బయటపడుతుంది, ఎక్కువైతే పంటికి రాయిలా తగులుతుంది. చేత్తో ఉండ కట్టినప్పుడు విడిపోకుండా, వేలికి తడి మాత్రం తెలిసేటట్లుండడమే దీని కొలత, ఆ కొలతను గడియారం చెప్పలేదు. ఇడ్లీ పాత్రలు రాకముందు వీటిని వాసెన మీద, అంటే నీళ్లు మరిగే కుండ మూతికి బిగించి కట్టిన బట్టమీద ఉడికించేవారు.

లోపలి తడి పొరను చీల్చుకొని కారకుండా నిలపడమనే ఇదే చిక్కును చైనావారు మరో దారిలో విప్పారు. షాంఘై శివారులోని నాన్షియాంగ్ పట్టణంలో 19వ శతాబ్దంలో పేరుకెక్కిన షియావోలాంగ్‌బావో అనే కుడుములో, కొరికితే కారే వేడి రసం ఉంటుంది. ఆ పేరులోని మొదటి రెండు మాటలకు చిన్న బుట్ట అని అర్థం, ఉడికించే వెదురు బుట్టే దానికి పేరు పెట్టిందన్నమాట. రసాన్ని రసంగా మూయడం ఎవరి తరమూ కాదు. పంది చర్మాన్ని గంటల తరబడి కాచిన చారు చల్లారి గడ్డకడితే, ఆ గడ్డను తరిగి ఖీమాతో కలిపి గోధుమపొరలో చుడతారు, ఆవిరి తగలగానే అది మళ్లీ చారవుతుంది. తైపే నగరంలో 1958లో వంటనూనెల దుకాణంగా మొదలై, 1970లలో ఈ కుడుములవైపు మళ్లి ప్రపంచ ప్రసిద్ధమైన డిన్ తాయ్ ఫంగ్ భోజనశాలలో ఒక్కొక్కదానికి 18 మడతలు పెట్టడం నియమం. తినడానికీ ఒక పద్ధతి ఉంది: చెంచాలోకి తీసుకొని, చిన్న కన్నం కొరికి, రసం పీల్చి, ఆ తర్వాతే నల్ల వెనిగర్‌లో నానిన అల్లం తురుముతో మిగతాది తింటారు, తొందరపడినవారి నాలుక కాలుతుంది.

బెల్లం పాకాన్ని తడి ఆరకుండా, కారకుండా మధ్యన నిలపడం గడ్డకట్టిన చారును చుట్టడం కంటే తక్కువ పనేమీ కాదు. చైనా కుడుముకు జనం బారులు తీరడానికి కారణం దానిని రోజూ పొయ్యిమీద పెట్టే భోజనశాల ఉండడం. జిల్లేడుకాయను మాత్రం ఏడాదికి ఒక పూట ఇంట్లో వండి మరిచిపోతారు. 1900లో నౌపడ నుంచి వేసిన చిన్న రైలు మార్గం చేరుకున్న పర్లాకిమిడిలోనూ, ఒడిశా ఇళ్లలోనూ దీని సోదరి మండా పిఠాకు కొబ్బరితో పాటు ఛెనా, అంటే విరిగిన పాల ముద్ద, కూడా చేర్చే అలవాటుంది; అక్కడా అది పండుగ వంటే.

హోటళ్లు జిల్లేడుకాయ జోలికి పోకపోవడానికి ఒక న్యాయమైన కారణమూ లేకపోలేదు. ఉడికిన వరిపిండి చల్లారే కొద్దీ దాని గంజిపదార్థం మళ్లీ బిగుసుకొని పొర గట్టిపడుతుంది, కాబట్టి ఇది నిల్వకు లొంగదు. పూజ, కథ, అక్షతలు అన్నీ ముగిసి నైవేద్యం పళ్లెం చేతికొచ్చేసరికి జిల్లేడుకాయ మెత్తదనంలో సగం పోగొట్టుకొనే ఉంటుంది. అప్పుడు దాన్ని అలాగే తినకుండా ఇంకో అయిదు నిమిషాలు ఆవిరి పట్టించి చూడండి.